మిగిలిన మాత్ర ఎవరికో ఒకరికి పనికొస్తుంది

మాత్రలు కొనడం ఎవరికైనా వచ్చు. మిగల్చడంలోనే ఉంది నేర్పంతా. డాక్టరు ఐదు రోజులకు రాసిన యాంటీబయాటిక్‌ను ఒంట్లో కాస్త తేలిక పడగానే ఆపేసి, మిగిలిన బిళ్ళల్ని ఫ్రిజ్ మీది స్వీట్ల డబ్బాలో పడేసేవాళ్లే సంసారం తెలిసినవాళ్లు. రేపు పక్కింటివాళ్లకు గొంతు పట్టేస్తే? ఊరి నుంచి వచ్చిన మరిదికి విరేచనాలు పట్టుకుంటే? అర్ధరాత్రి ఎవరు తెచ్చిస్తారు?

ఇంత ముందుచూపు ఉన్నవాళ్ల కోసమే ఈ సలహాలు. ఇందులో రెండు విద్యలున్నాయి. యాంటీబయాటిక్‌ను ఇంటి సరుకుగా వాడుకోవడం ఒకటి. వాడుకున్నాక జరిగేదానికి మన పేరు అంటకుండా చూసుకోవడం రెండోది. మొదటిది మీకు ఎటూ వచ్చే ఉంటుంది. రెండోదానికి కొంచెం సాధన కావాలి.

డబ్బా సర్దుకోవడం

డబ్బాలో నిండు స్ట్రిప్పులు పెట్టుకునేది కొత్తగా కాపురం పెట్టినవాళ్లు. అనుభవజ్ఞుల డబ్బాలో ముక్కలుంటాయి. మెడికల్ షాపు కుర్రాడు కత్తెరతో అడ్డంగా కోసి, చిన్న ఖాకీ కవర్లో వేసి ఇచ్చినవి. స్ట్రిప్పు మీద మందు పేరు ఒకచోట, గడువు తేదీ ఇంకోచోట అచ్చయి ఉంటాయి. మన చేతికొచ్చిన ముక్క మీద "...మైసిన్ 500" అని మిగులుతుంది, ఒక్కోసారి వట్టి "...సిన్". గడువు తేదీ ఉన్న ముక్క ఏ ఇంటికి వెళ్లిందో ఆ దేవుడికే తెలియాలి. అయినా కంగారు పడకండి. రంగును బట్టి, సైజును బట్టి గుర్తుపట్టొచ్చు. గులాబీ రంగుది గొంతుకి. తెల్లగా పొడుగ్గా ఉన్నది కడుపుకి. ఎరుపూ నలుపూ క్యాప్సూల్ అన్నిటికీ.

స్ట్రిప్పు మీద నిలువుగా ఒక ఎర్ర గీత కనిపిస్తుంది. డాక్టరు చీటీ లేకుండా ఈ మందు వాడొద్దని దాని అర్థమని 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రచారం చేసింది. మనం ఇంకోలా చదువుకోవాలి. గీత ఉందంటే మందు గట్టిదన్నమాట. గీత లేనిదాన్ని ఎవరు లెక్కచేస్తారు?

పిల్లల సిరప్ సీసాలు కూడా పారేయకండి. పొడికి నీళ్లు కలిపాక వారం రోజులు, మహా అయితే రెండు వారాలు మాత్రమే వాడాలని లేబుల్ మీద ఉంటుంది. కారిన సిరప్ ఆ లేబుల్ మీదే ఎండి జిగురు కట్టి ఉంటుంది కాబట్టి చదవాల్సిన అవసరం రాదు. పోయిన వానాకాలంలో కలిపినదైనా సరే, గట్టిగా ఊపితే మళ్లీ తెల్లగా అవుతుంది.

ఎప్పుడు వేసుకోవాలి

ముక్కు కారడం మొదలైన పూటే.

జలుబు, ఫ్లూ, డెంగీ వైరస్‌ల వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ చంపేది బాక్టీరియాను. వైరస్‌ను అది తాకనైనా తాకదు. ఈ ముక్క పదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటాడు, ఇంటికొచ్చి తుమ్మితే అమ్మ చేతిలో పెట్టిన బిళ్ళ మింగుతాడు. చదువు చదువే, సంసారం సంసారమే.

ఇక్కడొక రహస్యం చెప్పాలి. మామూలు వైరల్ జ్వరం చాలామందికి మూడు నాలుగు రోజుల్లో దానంతటదే దిగుతుంది. మనం ఒక రోజు ఓపిక పట్టి, రెండో రోజు మాత్ర మొదలుపెడతాం. ఎలాగూ దిగబోతున్న జ్వరం దిగుతుంది, పేరు మాత్రకొస్తుంది. ఇలా ఊరికే వచ్చిన పేరుతోనే ఆ మాత్ర మన వీధిలో డాక్టరంతటిదై కూర్చుంది. ఆ పేరు ఎలా పాకుతుందో ఈ ఫోన్ సంభాషణలో చూడండి.

"ఏమ్మా, గొంతు అలా ఉందేం?"

"రెండ్రోజుల్నించి జ్వరం పిన్నీ. డాక్టరు గారు వైరల్ అన్నారు. నీళ్లు బాగా తాగి పడుకోమన్నారు."

"నీళ్లు తాగమనడానికి ఐదొందలు తీసుకున్నాడా? మా చిన్నాడికి వేసిన బిళ్ళలు ఇంకో మూడున్నాయి, డ్రైవర్‌తో పంపిస్తా. వాడు ఒక్క రోజులో లేచి కూర్చున్నాడే తల్లీ!"

పిన్ని మాట కాదనకండి. ప్రేమ చూపించడానికి ఇంత చవకైన సాధనం ఈ దేశంలో ఇంకోటి లేదు.

ఆ మూడు బిళ్ళలు లోపలికెళ్లి ఏం చేస్తాయో తెలుసుకోవాల్సిన అవసరం మీకు లేదు, కానీ ఎవరైనా అడ్డు ప్రశ్న వేస్తే తడుముకోకుండా ఉండటానికి చెబుతున్నా. వైరస్ జోలికి పోవు. పొట్టలో కోట్లాదిగా బతికే, మనకు ఏ హానీ చేయని బాక్టీరియా మీద పడతాయి. బలహీనమైనవి చస్తాయి. ఏదో ఒకదానికి ఆ మందును తట్టుకునే గుణం ముందే ఉంటే అది మిగులుతుంది, ఖాళీ అయిన చోటంతా దాని సంతానానిదే. అనుకూలంగా ఉంటే ఇ.కోలై లాంటి క్రిమి ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. పైగా ఈ తట్టుకునే విద్య ప్లాస్మిడ్ అనే చిన్న జన్యు చుట్టలో ఉంటే దాన్ని పక్క క్రిమికి అందించేయగలదు. ఆ పక్క క్రిమి వేరే జాతిదైనా పట్టింపు లేదు. కులం, గోత్రం చూడకుండా ఇచ్చిపుచ్చుకోవడంలో అవి మనకన్నా చాలా ముందున్నాయి.

ఇంత జరిగినా మీకు ఏమీ తెలియదు. కడుపు ఒకటి రెండు రోజులు కదిలితే నిన్న తిన్న మిర్చి బజ్జీ మీద తోసేయొచ్చు. ఆ గట్టిపడ్డ క్రిమి మీ పేగుల్లో నెలల తరబడి ఊరికే కూర్చుంటుంది. ఏదో ఒక రోజు మీ చేతి మీదుగానో, మురుగు నీటి మీదుగానో ఇంకెవరి ఇంటికో చేరుతుంది. అక్కడ అది ఏం చేసినా దాని మీద మీ చిరునామా ఉండదు. బాధ్యత తప్పించుకోవాలనుకునేవాళ్లకు ప్రకృతి ఇంత సాయం ఇంకే విషయంలోనూ చేయలేదు.

ఎన్ని వేసుకోవాలి

ఒళ్లు తేలిక పడేదాకా. డాక్టరు రాసిన లెక్క డాక్టరుది, మన ఒళ్లు మనది.

ఇటీవల ఈ విషయంలో మనకు కలిసొచ్చే వార్త ఒకటి వచ్చింది. కొన్ని జబ్బులకు పాతకాలపు పొడవైన కోర్సులు అక్కర్లేదని, తక్కువ రోజులు వాడినా అంతే గుణం కనిపిస్తుందని, అనవసరంగా ఎక్కువ రోజులు వాడటమే క్రిముల్ని రాటుదేలుస్తుందని వైద్యులే పరిశోధనలు చేసి చెబుతున్నారు. ఏ జబ్బుకు ఎన్ని రోజులో మాత్రం డాక్టరే తేల్చాలని కూడా అంటున్నారు. మొదటి మాట కాగితం మీద రాసుకోండి. రెండో మాట విననట్టు ఉండిపోండి.

క్షయ దగ్గర ఈ సూత్రాన్ని ఎంత దూరమైనా తీసుకెళ్లొచ్చు. మామూలు క్షయకు ఆరు నెలల వైద్యం. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. ఒకటి రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, అన్నం సయిస్తుంది, చొక్కా మళ్లీ బిగుతవుతుంది. ఇంకా మాత్రలెందుకు, వేడి చేస్తాయి అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ఆపేస్తే మిగిలిన క్రిములు రిఫాంపిసిన్ లాంటి ముఖ్యమైన మందును లెక్కచేయని స్థితికి చేరే ప్రమాదం ఉంది. అప్పుడు వైద్యం మారిపోతుంది, మందులు మారిపోతాయి, వాటి బాధలు కూడా మారిపోతాయి. అంతకన్నా విచిత్రం ఏమిటంటే, ఆ మనిషి దగ్గితే అంటుకున్నవాడికి మొదటి రోజు నుంచే మొండి క్షయ. వాడు ఒక్క మాత్ర కూడా మానలేదు, ఎందుకంటే ఇంకా ఒక్కటి కూడా మొదలుపెట్టలేదు. సిటీ బస్సులో పక్క సీటులో కూర్చున్నాడు, అంతే. మీకు అతను ఎవరో తెలియదు, అతనికి మీరెవరో తెలియదు. ఇద్దరికీ సుఖం.

షాపులో మసలుకోవడం

2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్‌1 అనే నిబంధన ఒకటుంది. కొన్ని గట్టి యాంటీబయాటిక్స్ అమ్మినప్పుడల్లా షాపాయన రిజిస్టరులో రోగి పేరు, రాసిన డాక్టరు పేరు, చిరునామా, మందు పేరు, ఎన్ని ఇచ్చాడో రాసుకోవాలి. ఆ రిజిస్టరును మూడేళ్లు దాచాలి. చదివితే గుండె గుభేలుమంటుంది. హైదరాబాద్‌లో ఏ సందులోనైనా సాయంత్రం ఏడు గంటలకు షాపు ముందు నిలబడితే ఆ భయం పోతుంది.

"అన్నా, జరమొచ్చింది, గోలీలియ్యి."

"ఎన్ని దినాలైంది?"

"నిన్న రాత్రి సంది."

"గొంతు నొప్పుందా?"

"గట్ల కొద్దిగుంది."

"యాంటీబయాటిక్ పెట్టాల్నా?"

"పెట్టన్నా, పవరున్నది పెట్టు. మూడు చాలు."

పరీక్ష, రోగ నిర్ధారణ, మందు, మోతాదు, అన్నీ అర నిమిషంలో అయిపోయాయి. వెనక నలుగురు నిలబడి ఉన్నారు, వాళ్లలో ఒకాయన చెయ్యి చాపి నోటు కూడా పట్టుకున్నాడు. మీరు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: బిల్లు అడగకండి. షాపాయన అడిగినా వద్దనండి. "బిల్లెందుకన్నా, నమ్మకం లేదా" అంటే ఆయన కూడా సంతోషిస్తాడు.

ఊళ్లలో ఆర్‌ఎంపీ గారు ఉంటారు కాబట్టి ఈ కష్టం కూడా లేదు. విడాల్ పరీక్ష ఒకటి చేయించి, "టైఫాయిడ్ కొంచెం టచ్ అయింది" అంటారు. ఆ పరీక్ష పాత ఇన్‌ఫెక్షన్‌కూ, వేరే జ్వరాలకూ కూడా అవునని చెప్పగలదు, ఒక్కసారి చేసినదాన్ని బట్టి టైఫాయిడ్ అని తేల్చకూడదు. నిర్ధారణ కావాలంటే రక్తం కల్చర్‌కు పంపాలి, రిపోర్టుకు రోజులు ఆగాలి. అంతసేపట్లో ఒక సెలైన్ సీసా, రెండు ఇంజెక్షన్లు ఎక్కేస్తాయి. ఇలా దశాబ్దాలు గడిచాక ఇప్పుడు మన దేశంలో అసలు టైఫాయిడ్ వచ్చినవాళ్లకు ఒకప్పుడు అద్భుతంగా పనిచేసిన సిప్రోఫ్లోక్సాసిన్ చాలామటుకు పనిచేయడం లేదు.

ఇక్కడ ఒక్క మాట పక్కకు జరిగి చెబుతాను. రోజు కూలి పోతే పొయ్యి వెలగని మనిషి, పట్నం ఆస్పత్రికి పోవడానికి ఒక రోజు, రిపోర్టుకు ఇంకో రోజు పోగొట్టుకోలేని మనిషి, "రేపు పనికి పోవాలె సార్, ఏదైనా గట్టిది వెయ్యి" అంటే అతనికి ఈ సలహాలతో పని లేదు. అతని చేత ఆ మాట అనిపించినవి వేరే ఉన్నాయి. ఈ సలహాలు ఫోన్లో పది నిమిషాల్లో డాక్టరు దొరికే సౌకర్యం ఉండి కూడా పిన్నిని అడిగేవాళ్లకు.

మిగిలినవి పారేయాల్సి వస్తే

సింకులో. లేదా బాత్రూంలో. నీళ్లు పోస్తే పోతాయి. ఎక్కడికి పోతాయో కార్పొరేషన్ చూసుకుంటుంది.

వేలు చూపించే విద్య

ఇదే ఈ సలహాలకు గుండెకాయ. ఎవరైనా మీ డబ్బా వంక అనుమానంగా చూస్తే వెంటనే మీకన్నా పెద్ద దోషిని చూపించండి. అదృష్టవశాత్తూ పెద్ద దోషులకు మన దగ్గర లోటు లేదు. అబద్ధం ఆడాల్సిన పని కూడా లేదు.

ముందు పటాన్‌చెరు చెప్పండి. హైదరాబాద్ పక్కన మందుల ఫ్యాక్టరీల వ్యర్థ జలాల్ని శుద్ధి చేసి వదిలే చోట నీళ్లు పట్టి పరీక్షించిన స్వీడన్ పరిశోధకులు 2007లో ఫలితాలు ప్రచురించారు. శుద్ధి చేశాక వదిలిన నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎన్నో రెట్లు ఎక్కువ. అలాంటి నీళ్లలో పెరిగే క్రిములకు మన మూడు బిళ్ళలు ఒక లెక్కా? ఈ వాదనకు జవాబుండదు. ఎదుటివాడు తల ఊపి వెళ్లిపోతాడు.

తర్వాత కోళ్లు. దీనికి మన ఊరి చరిత్రే ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు సారథ్యం వహిస్తున్న రోజుల్లో, ఆ ప్రయోగశాలలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను రాబట్టాడు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే పెద్దది. 1948లో ఆ సంగతి లోకానికి తెలిసింది, ఆ ఏడాదే సుబ్బారావు కన్నుమూశారు. కొద్దికాలానికే అదే కంపెనీలో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు, మందు తీసేశాక మిగిలిన పిప్పిని దాణాలో కలిపితే కోడిపిల్లలు త్వరగా బరువెక్కుతున్నాయని గమనించారు. మనుషుల ప్రాణం నిలపడానికి పుట్టిన మందు కోడికి కండ పట్టించే పనిలో కుదురుకుంది. ఎవరూ దుర్మార్గంగా ఆలోచించలేదు. దాణా ఖర్చు కలిసొస్తుంది, గుడ్డు చవకవుతుంది, పేదవాడి పళ్లెంలోకి మాంసం వస్తుంది. చిటికెడు పొడే కదా.

ఆ చిటికెళ్లన్నీ కలిసి ఎక్కడిదాకా వచ్చాయంటే, ఐసీయూలో మిగతా మందులు చేతులెత్తేశాక బయటికి తీసే కొలిస్టిన్‌ను కోళ్లకు, పశువులకు పెట్టొద్దని 2019లో మన ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. సుబ్బారావు పుట్టిన ఊరి చుట్టూ ఇప్పుడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు. రొయ్యల పెంపకంలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు నిషిద్ధం. వాటి ఆనవాళ్లు కనిపిస్తే యూరప్ వాళ్లు, అమెరికా వాళ్లు సరుకు వెనక్కి తిప్పి పంపుతారు. వాళ్లు యంత్రాలు పెట్టి చూస్తారు. మన బజార్లో పరీక్ష చేసేది మనమే, చేప మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసి.

ఇప్పుడు వేళ్లన్నీ ఒకసారి వరసగా చూడండి. మీరు ఫ్యాక్టరీని చూపిస్తారు. ఫ్యాక్టరీ ఆస్పత్రుల వంక వేలు చూపిస్తుంది. ఆస్పత్రి డాక్టరు, మా దాకా వచ్చేసరికే ఆర్‌ఎంపీ అన్నీ వాడేసి పంపాడంటాడు. ఆర్‌ఎంపీ షాపును చూపిస్తాడు. షాపాయన, నేనివ్వకపోతే పక్క షాపులో ఇస్తాడు, అడిగేది జనమే కదా అంటాడు. జనం అంటే మీరు. వేలు తిరిగి తిరిగి మన దగ్గరికే వచ్చిందే అని బెదరకండి, వచ్చినప్పుడల్లా మళ్లీ ఫ్యాక్టరీ దగ్గర మొదలుపెట్టండి. ఇందులో ఒక్క వేలు కూడా అబద్ధం చెప్పడం లేదు. ఈ పద్ధతి ఇన్నేళ్లు చెక్కుచెదరకుండా నిలబడింది అందుకే.

లెక్కల్లో గట్టివాళ్లకు ఇంకో మార్గం ఉంది. 2019లో ప్రపంచం మొత్తం మీద మందులకు లొంగని బాక్టీరియా నేరుగా బలితీసుకున్నవాళ్లు సుమారు 12 లక్షల 70 వేల మంది అని 2022లో లాన్సెట్ పత్రిక అంచనా ప్రచురించింది. ఆ సంఖ్యను ఆ ఏడాది ప్రపంచంలో మింగిన మాత్రలన్నిటితో భాగించండి. అందులో మీ మూడింటి వంతు తీయండి. సున్నా, చుక్క, ఆ తర్వాత మళ్లీ సున్నాలు, కాగితం అంచు దాకా. ఏ కోర్టులోనైనా ఇది సున్నా కిందే లెక్క. చనిపోయినవాళ్లెవరూ భిన్నాల్లో చనిపోలేదు, నిండు మనుషులుగానే పోయారు. ఆ కూడిక మన పని కాదు, మన పని భాగాహారం.

ఆస్పత్రిలో

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి ఇది మన ఇంటికే వస్తుంది. పెద్దాయనకు మూత్రంలో మంట, చలిజ్వరం. డబ్బాలోవి రెండు రకాలు వేసి చూస్తారు, తగ్గదు. ఆస్పత్రిలో చేరుస్తారు. కల్చర్‌కు పంపుతారు. రెండు మూడు రోజులకు రిపోర్టు వస్తుంది. మందుల పేర్లు నిలువుగా వరసగా ఉంటాయి, ఎదురుగా ఎస్ అనో ఆర్ అనో ఇంగ్లిష్ అక్షరం. ఎస్ అంటే క్రిమి ఆ మందుకు లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. పై నుంచి కిందికి వేలు జరుపుతూ రండి: ఆర్, ఆర్, ఆర్. ఆ వరసలో మీ డబ్బాలో ఉన్నవన్నీ కనిపిస్తాయి. కింద ఎక్కడో ఒకటి రెండు ఎస్‌లు. అవి నరానికి ఎక్కించేవి, రోజుకు వేలల్లో బిల్లయ్యేవి, కొన్నయితే కిడ్నీల్ని కనిపెట్టుకుంటూ ఇవ్వాల్సినవి.

డాక్టరు రెండు ప్రశ్నలు వేస్తాడు. "ఈమధ్య ఏమైనా యాంటీబయాటిక్స్ వాడారా?" అన్నది మొదటిది. "ఏమీ లేదండి" అని స్థిరంగా చెప్పండి. పిన్ని పంపినవి వాడటం కిందికి రావు. "ఏవైనా మాత్రలు వేశారా?" అన్నది రెండోది. "మామూలివే అండి" అనండి. ఏ మామూలివో ఆయనే తెలుసుకుంటాడు, అంత చదువుకున్నాడు.

బయటికొచ్చాక కారిడార్లో బంధువులతో, "ఈ ఆస్పత్రే మంచిది కాదు, ఇక్కడికొచ్చాకే ఇన్‌ఫెక్షన్ అంటుకుంది" అనండి. కొన్ని ఆస్పత్రులు చేతులు సరిగ్గా కడుక్కోకుండా క్రిముల్ని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి మోస్తున్న మాట నిజమే కాబట్టి మీ మాట చెల్లుబాటవుతుంది.

అదే ఆస్పత్రిలో ఇంకో అంతస్తులో నవజాత శిశువుల ఐసీయూ ఉంటుంది. పుట్టి మూడు రోజులైన బిడ్డ ఏ మాత్రా మింగలేదు, ఏ కోర్సూ సగంలో ఆపలేదు, షాపుకి వెళ్లి పవరున్నది అడగలేదు. మన దేశంలో అలాంటి బిడ్డల రక్తంలో క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ లాంటివి కనిపిస్తున్నాయి, వాటిలో చాలావాటి రిపోర్టుల్లో కూడా పైన చెప్పిన ఆర్‌ల వరసే. ఈ బిడ్డ సంగతికి ఏ సలహా చెప్పాలో నాకు తోచలేదు. దాటేసి ముందుకు వెళ్దాం.

కేసు వాదించడం

ఇదంతా విన్నాక కూడా ఎవరైనా పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ పేరు ఎత్తొచ్చు. దానికి సిద్ధంగా ఉండాలి.

1945 డిసెంబరులో స్టాక్‌హోంలో నోబెల్ ఉపన్యాసం ముగించే ముందు ఆయన ఒక ఊహా కథ చెప్పాడు. ఎక్స్ అనే పెద్దమనిషికి గొంతునొప్పి వస్తుంది. తనే పెన్సిలిన్ కొనుక్కుని వేసుకుంటాడు. ఆ మోతాదు గొంతులో క్రిములు చావడానికి చాలదు, మందును తట్టుకోవడం నేర్చుకోవడానికి మాత్రం సరిగ్గా సరిపోతుంది. అవి అతని భార్యకు అంటుకుంటాయి. ఆవిడకు న్యుమోనియా వస్తుంది, పెన్సిలిన్ ఇస్తారు, పనిచేయదు. ఆవిడ చనిపోతుంది. ఈ చావుకు బాధ్యుడెవరని ఫ్లెమింగ్ అడిగి, ఇంకెవరు, ఎక్సే అని తనే తీర్పు కూడా చెప్పేశాడు. ఒక్కణ్ని, అదీ ఇంట్లో మనిషిని, అలా వేలెత్తి చూపడం ఏం మర్యాద?

ఎక్స్ తరఫున మనం వాదించాల్సింది ఇది. మొదట, సాక్షి ఎదురు తిరిగింది. ఫ్లెమింగ్ కథకు ఎంచుకున్న స్ట్రెప్టోకాకస్, గొంతునొప్పి తెచ్చే ఆ రకం, ఇన్నేళ్లయినా పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. మిగతా క్రిములు చాలామటుకు ఆయన మాటే నిలబెట్టాయి, స్టాఫిలోకాకస్ అయితే ఆ ఉపన్యాసం అయ్యేదాకా కూడా ఆగలేదు. వాటిని బోనుకు పిలవకండి. రెండు, బిల్లు లేదు, చీటీ లేదు, మందు కొన్నట్టు ఆధారం లేదు. మూడు, ఆవిడ రోజూ బజారుకు వెళ్తుంది, గుడికి వెళ్తుంది, పెళ్లిళ్లకు వెళ్తుంది, క్రిమి ఎక్కడ అంటుకుందో ఎవరు చూశారు?

ఇవేవీ పారకపోతే ఆఖరి వాదన ఒకటుంది. గొంతునొప్పి అనగానే లోపలికెళ్లి, డబ్బాలో వెతికి, గ్లాసుతో నీళ్లు తెచ్చి, ఆ బిళ్ళ ఆయన చేతిలో పెట్టింది ఆవిడే అనండి. తెలుగిల్లయితే జడ్జిగారు వెంటనే నమ్ముతారు. కాదనడానికి ఆవిడ రాదు.